గడప కింది ఉంగరం, ఎనిమిదంగుళాల కాయిల్

నేలలోని బంగారాన్ని పసిగట్టే డిటెక్టర్‌కు ఎంత వ్యాసం గల కాయిల్, అంటే కర్ర కొసన ఉండే రాగితీగ చుట్ల చక్రం, కొనాలని తెలిసినవారు నన్ను తరచు అడుగుతుంటారు. ఖనిజాన్వేషణలో భూభౌతిక పరికరాలతో ఏళ్ళ తరబడి పనిచేసినవాణ్ణి కనుక సమాధానం నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. చిన్న కాయిల్ చిన్న తునకను పట్టుకుంటుంది గాని లోతుకు పోదు. పెద్ద కాయిల్ లోతుకు పోతుంది గాని చిన్న తునకను పట్టించుకోదు. వెతికే వస్తువు ఎంతది, ఎంత లోతున ఉంది, ఈ రెండూ చెప్పండి, కొలత నేను చెబుతాను అనేవాణ్ణి. అనంతపురం నుంచి నాచారం దాకా పోయివచ్చాక ఆ మాట అనడం మానుకున్నాను.

ఆ ప్రయాణానికి కారణం మా అక్క వరలక్ష్మి. జనగామ వైపు మనిషిని చేసుకుని, అతనితో పాటు నాచారం ఫ్యాక్టరీల పక్కకు కాపురానికి వచ్చి, మా సీమ మాటను ఎప్పుడో మరిచిపోయింది. ఆ బావ, నరసింహ, పోయిన ఏడు కాలం చేశాడు. వానాకాలమంతా నీళ్ళు నిలిచే ఆ ఇంటిని అక్క ఒక బిల్డర్‌కు అప్పగించింది. కూలగొట్టే ముందు ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడిగింది.

"తమ్మీ, నీ బంగారం మిషన్ దెస్తవా? కడప కింద పాప ఉంగరం ఉన్నది."

గడపను అక్క ఇప్పుడు కడప అంటుంది. అక్కకు తొలుచూలు ఆడపిల్ల. అయిదో నెలలో పోయింది. పసిబిడ్డకు ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని తీయించలేదు. ఇరవై ఒకటో రోజున మేనమామ హోదాలో నేను తొడిగిన ఉంగరం ఒక్కటే మిగిలింది. మరుసటి ఏడు ఇల్లు కట్టి గడప నిలబెట్టేటప్పుడు, కింద బంగారం వేయాలని పంతులు అంటే, ఇంట్లో వేరే బంగారం లేక అక్క ఆ ఉంగరాన్ని బావ చేతిలో పెట్టింది.

"ఎంత లోతులో పెట్టినారక్కా?" అని అడిగాను.

"లోతేంది, కడప రాయి కిందనే. బెత్తెడుంటది."

చిన్న వస్తువు, తక్కువ లోతు. నా లెక్కకు ఇంతకన్నా సులువైన సమస్య ఉండదు. ఎనిమిదంగుళాల కాయిల్‌ను సంచిలో పెట్టుకుని, పెద్దదాన్ని అటక మీదే వదిలి బయలుదేరాను.

ఉప్పల్: మెట్రో స్తంభాల కింద

ఉప్పల్ చౌరస్తాలో దిగేటప్పటికి స్తంభాల సందుల్లోంచి ఎండ రోడ్డు మీద పలకలు పలకలుగా పడుతోంది. ఒక పలకలోకి ఆటో, ఒక పలకలోకి బస్సు, మిగిలిన చోటంతా మనుషులు. చాయ్ తాగాను. గ్లాసు మా ఊరి గ్లాసులో సగం, ధర మాత్రం మా ఊరిదానికి పైన. కాని పాలు చిక్కన, తీపి ఇంకా చిక్కన. ఇక్కడివాళ్ళు చాయ్‌ని తాగరు, దాని పక్కన నిలబడి కాసేపు బతుకుతారు. మా దగ్గర గుక్కెడు తాగి గ్లాసు పెట్టేసి పోవడమే.

ఆటో అతను నా చేతిలోని డిటెక్టర్ కర్రను కిందికీ పైకీ చూశాడు.

"ఏంది సార్, గడ్డి గోసే మిషనా?"

"కాదు. బంగారం వెతికేది."

"నాచారంల బంగారమా! ఏడ తవ్వినా నల్లాపైపే తగుల్తది సార్." కాసేపు నడిపి అద్దంలోంచి మళ్ళీ చూశాడు. "ఎట్లాగూ దెచ్చిన్రు, జర మా అత్తగారింట్ల ఒక రౌండు తిప్పుండ్రి. మా మామ మస్తు దాసిపెట్టిండని మా ఇంటామె పదేండ్ల సంది జెప్తనే ఉన్నది."

నవ్వాను. ఆ ప్రయాణంలో నేను నవ్విన సందర్భాలు తక్కువ గనుక దీన్ని నమోదు చేస్తున్నాను.

నాచారం: రోడ్డుకు దిగువన ఉన్న ఇల్లు

బావ ఉన్నప్పుడు ఒకటి రెండుసార్లు వచ్చాను గాని, ఎప్పుడూ రాత్రి దిగి పొద్దున్నే వెళ్ళినవాణ్ణే. వీధిని చూడలేదు. ఈసారి ఆటో దిగి చూస్తే ఇల్లు కనబడలేదు, కిటికీ కనబడింది. వీధి ఆ కిటికీ ఎత్తుకు వచ్చి ఉంది. కొత్త రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తీయకుండా దాని మీదే పోస్తూ పోవడం వల్ల రోడ్డు ఏటికేడు పైకి లేచింది. మెట్లు దిగి ఇంట్లోకి పోవాలి. లోపల మళ్ళీ ద్వారబంధం పైకమ్మి నా నుదుటికి తగిలింది. ఇంటి నేల కూడా లేచి ఉందన్నమాట. వాకిట్లో నిలబడి ఈ రెండు సంగతులనూ కలిపి లెక్క వేశాను.

అక్క ఎదురొచ్చింది. ఆ గడప దాటేటప్పుడు అందరూ ఎత్తేదానికన్నా పాదాన్ని బాగా పైకెత్తి దాటింది. గడప తొక్కరాదన్న ఆచారం మనకందరికీ ఉన్నదే గాని, ఆ ఎత్తు ఆచారానిది కాదు.

"అక్కా, ఈ ఇంటిని ఎత్తినారా?"

"ఎత్తకుంటె ఎట్ల? నీళ్ళు మంచం దాక వస్తుండె. మొరం మట్టి పోయించి లేపినం."

"ఎన్నిసార్లు?"

"రెండుమాట్ల." అని, నా ముఖం చూసి ఆగింది. "ఏమైంది తమ్మీ?"

ఫోన్‌లో అక్క చెప్పిన బెత్తెడు అబద్ధం కాదు. గడప నిలబెట్టిన నాటి బెత్తెడు అది. గడపను ఎత్తినప్పుడల్లా రాయి పైకి వచ్చింది, ఉంగరం ఉన్నచోటే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో పైకి లేస్తూ వచ్చిన మనిషికి, కింద ఉన్నది దూరమవుతోందని తోచలేదు. నాకూ తోచలేదు. మా అనంతపురంలో వాన కోసం ఎదురుచూస్తాం. వానకు భయపడి ఇంటినే ఎత్తుకున్నవాళ్ళను నేను ఎరగను.

అయినా గడప రాయి పక్కన నా చిన్న కాయిల్ ఆనించి నెమ్మదిగా ఇటూ అటూ తిప్పాను. హెడ్‌ఫోన్‌లో ఏమీ లేదు. వృత్తిలో నేను మొదట నేర్చుకున్న పాఠం, నిశ్శబ్దానికి రెండు కారణాలుంటాయని. కింద ఏమీ లేకపోవచ్చు, లేదా ఉన్నది అందకపోవచ్చు. ఏది నిజమో యంత్రం చెప్పదు.

సాయంత్రం అక్క ఫ్యాక్టరీల దారిలో పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేస్తుంది. ఆ రోజూ చేసింది. మా సీమలో రొట్టె అంటే పప్పో, గుత్తివంకాయో అవతల ఉండాలి. ఇక్కడ షిఫ్టు దిగినవాళ్ళు కాగితంలో చుట్టించుకుని ఇంటికి పట్టుకుపోతారు, కూర ఇంట్లో ఉంటుంది. రొట్టె ఇరవై రూపాయలు. అక్క చేత్తో తట్టిన రొట్టె ఎంత గుండ్రంగా వచ్చేదంటే, అలవాటు కొద్దీ దాని వ్యాసాన్ని మనసులో కొలిచాను. ఎనిమిదంగుళాల పైచిలుకు.

"దొరుకుతదా?" అంది, పెనం మీంచి చూపు తిప్పకుండా.

"పెద్ద కాయిల్ కావాలక్కా" అన్నాను. 

పారిశ్రామికవాడ: సత్తెన్న వైండింగ్ షాపు

రెండో రోజు. బిల్డర్ మనుషులు మరునాడు వస్తారు. అనంతపురం నుంచి పెద్ద కాయిల్ తెప్పించే వ్యవధి లేదు. కాయిల్ అంటే రాగితీగ చుట్లే గనుక, ఒకటి చుట్టించుకోవచ్చని అక్క ఇంట్లోని పెద్ద ప్లాస్టిక్ బేసిన్‌ను చంకన పెట్టుకుని పారిశ్రామికవాడకు నడిచాను. కాలిన వార్నిష్ వాసన దారి చూపింది. సత్తెన్న అనే ఆయన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. బావతో ఒకే కంపెనీలో పనిచేసి, బయటికొచ్చి షాపు పెట్టుకున్నవాడు. నేను ఫలానా అనగానే వరస కలిపేశాడు.

"నర్సన్న బామ్మర్ది అంటె నాకూ బామ్మర్దివే. కూసో. ఏం జేయాలె, బేసిన్‌కు మోటరు పెట్టాల్నా?"

చెప్పాను. చుట్ల సంఖ్య కాగితం మీద లెక్కగట్టి ఇచ్చాను. చూసి అనుమానపడ్డాడు.

"గింత పెద్ద బేసిన్‌కు గిన్నే సుట్లా?"

"వ్యాసం పెరిగితే చుట్లు తగ్గించాల సత్తెన్నా. లేకుంటే యంత్రం మోయలేదు."

"మా పాత కంపెనీ లెక్కనే ఉన్నది నీ మిషన్. పని పెరిగితే మందిని తగ్గిస్తది."

బేసిన్ అంచు చుట్టూ తీగ చుట్టి, టేపు వేసి, కొసలు అతికి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. "దేనికోసమో ఎరికే. కడప లేపినప్పుడు రెండుమాట్ల నేనున్న. మొరం మోసింది నేనే" అన్నాడు. "రెండోమాటు నర్సన్న ఎవర్నీ దగ్గరికి రానియ్యలే. అందర్ని అవతలికి పొమ్మని, తానొక్కడే కూసోని ఏందో పెట్టిండు. కడప కింద ఏసే పంచలోహమే అనుకున్న."

ఇంటికొచ్చి బేసిన్ కాయిల్‌ను తగిలించాను. హెడ్‌ఫోన్ పెట్టుకోగానే చెవులు హోరెత్తాయి. పెద్ద కాయిల్‌కు ఇదొక శాపం. లోతును వినే చెవి పెద్దదైనకొద్దీ అక్కరలేనివీ వినబడతాయి. చుట్టుపక్కల ఫ్యాక్టరీల కరెంటు రొద అంతా అందులోకి వచ్చి పడింది. దానికి తోడు మొరంలోని ఇనుప పాళ్ళు. పేటలోని ప్రతి మోటారూ నా చెవిలో తిరిగింది, ఉంగరం తప్ప.

చిల్కానగర్: దారం కట్టిన ఉంగరం

ఏది వినబడాలో ముందు తెలుసుకోవాలి. అలాంటి ఉంగరమొకటి తెచ్చి పరీక్షించాలి. నేను కొన్న ఉంగరమే గాని దాని బరువు గుర్తులేదు. సన్నంగా ఉండేదని, తొడిగేటప్పుడు పాప వేలు ముడుచుకుందని, ఈ రెండే గుర్తున్నాయి.

చిల్కానగర్‌లో చారి అనే కంసాలి దుకాణానికి అక్కే తీసుకుపోయింది. బంగారం ధర విన్నాక ఉంగరం కొనే మాట మానుకుని అరువు అడిగాను. చారి అక్కను ఎరిగినవాడే, రోజూ రొట్టెలు కొంటాడు. కాని బంగారాన్ని ఇవ్వనన్నాడు, దాని వెంట తాను వస్తానన్నాడు. వచ్చాడు. పసిపిల్లల ఉంగరానికి దారం కట్టి కొసను తన వేలికి చుట్టుకుని, అక్క వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సత్తెన్న కూడా షాపు మూసి వచ్చాడు.

"ఏం చారీ, సారు నీ ఉంగరం బట్కొని అనంతపురం ఉరుకుతడా?"

"సారు మీద నమ్మకం ఉన్నది సత్తెన్నా. బంగారం మీదనే లేదు."

అంతలో కరెంటు పోయింది. అక్క "అయ్యో" అంది. నేను మాత్రం లేచి నిలబడ్డాను. ఫ్యాక్టరీల రొద ఒక్కసారి ఆగి, హెడ్‌ఫోన్‌లో నూతి అడుగు లాంటి నిమ్మళం. బేసిన్ కాయిల్ కింద నా వేలి ఉంగరాన్ని పెట్టాను. పలికింది. చారి ఉంగరాన్ని పెట్టాను. పలకలేదు. దగ్గరికి తెచ్చాను. కాయిల్‌కు ఆనించాను. పలకలేదు. అంత పెద్ద వలయం విరజిమ్మే క్షేత్రంలో ఆ చిన్న వస్తువు వాటాకు వచ్చేది లేనట్టే.

చిన్న కాయిల్ తగిలించాను. నా ఉంగరం జానెడు దూరం దాటి కూడా వినబడింది. చారిది నాలుగు వేళ్ళ దూరంలో సన్నగా మూలిగి, ఆ పైన ఆగిపోయింది. నా లెక్క ప్రకారం దానికి రెట్టింపు రావాలి. చారి దారం వదలకుండానే ఉంగరాన్ని వెలుగుకు తిప్పి చూశాను. వెనకవైపు అతుకు లేదు. రెండు కొసలూ విడిగా, ఒకదాని మీదికొకటి జరిగి ఉన్నాయి.

"పిల్లలవి అతకరు సారూ. వేలు పెరుగుతుంటె జరుపుకోవాలె గద" అన్నాడు చారి.

మూసి ఉన్న వలయంలోనే విద్యుత్తు చక్కగా తిరుగుతుంది. తెగిన వలయం డిటెక్టర్‌కు దాదాపు లేనిదాని కింద లెక్క. నేను కొన్నదీ అలాంటిదే. ఆనాడు దుకాణంలో నేనూ ఇదే మాట విని ఉంటాను. పెరగబోయే వేలి కోసం వదిలిన సందు అది. ఆ వేలు పెరగలేదు, సందు మాత్రం ఉంది. ఇంత లోతుకు పోగల కాయిల్ ఆ ఉంగరాన్ని చూడదు. ఆ ఉంగరాన్ని చూడగల కాయిల్ అంత లోతుకు పోదు. సరైన కొలత ఏదని అడిగేవారికి ఇప్పుడు నేను చెప్పగలిగింది, కొన్నిటికి కొలతే లేదని.

అక్క గడప పక్కన కూర్చుని అంతా వింటోంది.

"అంటె నా బిడ్డ ఉంగరం నీ మిషన్‌కు కనవడదా?"

"నాలుగు వేళ్ళ దూరంలోకి వస్తే కనబడుతుందక్కా."

"నాలుగు వేళ్ళ దూరంలకొస్తె నాకే కనవడదా తమ్మీ?"

చారి దారం చుట్టుకుని, ఉంగరాన్ని జేబులో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

చివరి రోజు, గడప దగ్గర

మిగిలింది ఒకటే దారి. నాలుగు వేళ్ళ మందాన తవ్వడం, చిన్న కాయిల్ తిప్పడం, మళ్ళీ తవ్వడం. సత్తెన్న గడ్డపార తెచ్చాడు. పొద్దున్నే జేసీబీ వచ్చి వీధి మొగలో నిలబడింది. దాని వెనక టిప్పర్. ఇక్కడి మట్టిని బోడుప్పల్‌లో ఎవరి ప్లాటులోనో నింపడానికి అప్పుడే బేరం కుదిరిందట. బిల్డర్ తరఫు సూపర్‌వైజర్ చిన్నవాడే, మర్యాదస్తుడే.

"అమ్మా, బువ్వ యాల్ల దాక సూస్త. ఆ తర్వాత నా చేతుల ఉండదు. టిప్పర్‌ది గంటల లెక్క."

గడప రాయిని పెకలించేటప్పుడు అక్క అవతలికి తిరిగి నిలబడింది. ఎర్రమొరం గట్టిపడి రాయిలా ఉంది. సత్తెన్న గడ్డపార దించుతాడు, నేను మట్టి ఎత్తి వాకిట్లో పరిచి కాయిల్ తిప్పుతాను, గుంట అడుగునా తిప్పుతాను. సీసా మూత. మేకు. మళ్ళీ మేకు. ప్రతిసారీ అక్క లేచి రావడం, నా ముఖం చూసి తిరిగి కూర్చోవడం. కొంతసేపటికి లేవడం మానేసింది. నా ముఖాన్ని నేను దిద్దుకోలేకపోయాను.

ఎండ నడినెత్తికి వస్తుండగా గుంట అడుగున కాయిల్ గట్టిగా, శుభ్రంగా పలికింది. సత్తెన్న గడ్డపార పక్కన పడేసి చేతులతో తీశాడు. చివికిపోయిన గుడ్డ మూట. లోపల రాగి నాణెం, ఇత్తడి ముక్క, సీసం, తుప్పు పట్టిన ఇనుము. గడపను రెండోసారి ఎత్తినప్పటి పంచలోహం. వాటి మధ్య నల్లబడిన వెండి మువ్వ ఒకటి.

అక్క దాన్ని అరచేతిలో వేసుకుంది. బొటనవేలితో తుడిచి చూసింది.

"ఇది పాప మొలతాడుది."

సత్తెన్న చేతుల మట్టి దులుపుకుని దగ్గరికి జరిగాడు.

"పాపతోనే మట్టిల పోయిందనుకున్న. ఆడోళ్ళను మట్టి జేసే కాడికి రానియ్యరు గద. తీసి పెట్టుకున్నడు మీ బావ." గొంతు పెరిగింది. "ఇన్నేండ్లు. ఒక్క ఇంట్ల. ఒక్క కంచంల తిన్నం. ఒక్కనాడు నాకు జూపియ్యలే. మట్టికిచ్చిండు గాని నాకియ్యలే!"

సత్తెన్న "వదినా" అన్నాడు. అక్క వినలేదు. మువ్వను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల మొరం నిండి గట్టిపడి ఉంది. చప్పుడు రాలేదు. మళ్ళీ ఊపింది. గోటితో సందులో గీకింది. రాలేదు.

సూపర్‌వైజర్ మెట్ల మీద నిలబడి గడియారం చూసుకున్నాడు. "సార్, ఇగ కాదు."

ఉంగరం దాకా పోవడానికి, మొదటిసారి ఎత్తినప్పుడు పోసిన మట్టంతా ఇంకా మిగిలే ఉంది. నేను గుంటలోకి చూశాను. అక్క చూడలేదు. మువ్వను నేల మీద, నా కాయిల్ ముందు పెట్టింది.

"తిప్పు."

హెడ్‌ఫోన్ పీకేశాను, బయటికి వినబడేటట్టు. కాయిల్‌ను మువ్వ మీదుగా జరిపాను. పలికింది. సన్నగా మొదలై, పైకి లేచి, దిగిపోయింది.

"ఇంకోపాలి" అంది అక్క.

జరిపాను. పలికింది.

"ఇంకోపాలి."

వీధిలో జేసీబీ కదిలింది. సత్తెన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను లేవలేదు. జేసీబీ ప్రహరీని తోసుకుని వాకిట్లోకి, మా పక్కకు వచ్చేసరికి దాని ఇనుమంతా నా కాయిల్‌కు అందింది. యంత్రం ఒకటే పనిగా కూయసాగింది. నేను కాయిల్‌ను మువ్వ మీదికి తెచ్చినా, పక్కకు తీసినా అదే మోత. అందులో మువ్వది ఏదో, ఇనుముది ఏదో ఇక నాకు తెలియలేదు.

"ఇంకోపాలి తమ్మీ" అంది అక్క.